మట్టు ఏమని రాయాలి?

మొన్న ఇంజెక్షన్ వేయించుకోవడానికి వెళితే నర్సమ్మ దూదిని స్పిరిట్‌లో ముంచి భుజం మీద రుద్దింది. సూది ఎప్పుడు దిగిందో నాకు తెలియలేదు. ఆ వాసన తగలగానే నేను ఆసుపత్రిలో లేను. అనంతపురంలో, గడియార స్తంభానికి కూతవేటు దూరంలో, ఆరడుగుల వెడల్పు కూడా లేని ఒక అంగట్లో స్టూలు మీద కూర్చుని ఉన్నాను. చేతిలో అగ్గిపుల్ల, దాని కొసకు చుట్టిన దూది. ఎదురుగా మూత తీసిన టేప్ రికార్డర్. "హెడ్డు మీద నొక్కవద్దు బేటా. కంటికి కాటుక పెట్టినట్టు తుడువు" అంటున్నాడు భాయ్ నా వెనక నుంచి.

క్యాసెట్ల గురించి ఈ మధ్య అందరూ రాస్తున్నారు. పెన్సిల్ దూర్చి టేపు తిప్పడం గురించి మరీ ఎక్కువ. నేను ఆ పెన్సిల్ జోలికి పోను. నాకు గుర్తున్నది ఈ స్పిరిట్ వాసనే. పొద్దుటి నుంచి రాత్రి దాకా టేపు రాసుకుంటూ పోయే హెడ్డు మీద, అంటే టేపులోని పాటను అందుకునే ఆ చిన్న ఇనుప ముక్క మీద, గోధుమరంగు పొడి పేరుకునేది. తుడిస్తే దూది ఇటుక రంగుకు మారేది. అది పాటల పొడి అని నా నమ్మకం. ఎవరెవరి పాటలో కొంచెం కొంచెంగా అరిగి అక్కడ అంటుకున్నాయనుకునేవాడిని. ఇప్పుడు ఆలోచిస్తే అది మరీ అంత తప్పు నమ్మకమేమీ కాదు.

*

భాయ్ అంగడికి ఒక పేరు, ఆ పేరుకొక బోర్డు ఉండేవి. ఆ పేరుతో పిలిచినవాడు లేడు. "భాయ్ దగ్గర పాటలు ఎక్కించుకున్నాం" అనేవారు. లారీలోకి చెనక్కాయల మూటలు ఎక్కించినట్టే టేపు మీదికి పాటలు ఎక్కించడం. నేను డిగ్రీ చదువుతూ సాయంత్రాలు అక్కడ పని చేసేవాడిని. చీటీలు తీసుకోవడం, నిమిషాల లెక్క వేయడం, హెడ్లు తుడవడం, భాయ్ నమాజుకు వెళితే గల్లాపెట్టె దగ్గర కూర్చోవడం, ఇంతే పని.

జనం నోటు పుస్తకంలోంచి చింపిన కాగితం మీద పల్లవులు రాసి తెచ్చేవారు. పల్లవి గుర్తులేనివాళ్ళు "రామారావు గుర్రం మీద వచ్చే పాట" అని రాసేవారు. ఏ గుర్రమో, ఏ సినిమాలోదో భాయ్‌కి తెలిసేది. అరవై నిమిషాల క్యాసెట్టయితే పక్కకు ముప్పై. ఏడో ఎనిమిదో పాటలు పట్టేవి. చివర్లో ఒక నిమిషమో, నిమిషంన్నరో మిగిలితే భాయ్‌కి ప్రాణం ఒప్పేది కాదు. "డబ్బులిచ్చి కొన్న టేపు, ఊరికే తిరగకూడదు" అని అక్కడ షెహనాయి ముక్క ఒకటి ఎక్కించేవాడు. ఆ రోజుల్లో మా ఊళ్ళో ఎవరింట్లోనైనా క్యాసెట్ చివర ఒక అనాథ షెహనాయి వినిపించి సగంలో తెగిపోయిందంటే, అది భాయ్ చేతి పని అని అడగకుండానే తెలిసిపోయేది.

మొహర్రానికి ముందు గూగూడు కుళ్ళాయిస్వామి పాటల కోసం, ఫాల్గుణంలో కదిరి తేరుకు ముందు నరసింహస్వామి పాటల కోసం జనం అంగడి మెట్ల కింద దాకా నిలబడేవారు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయేది. ఎక్కుతున్న పాట ఆవులించినట్టు గొంతు దించుకుంటూ దించుకుంటూ ఆగిపోయేది. మళ్ళీ మొదటి నుంచి ఎక్కించాల్సిందే.

ఇదంతా ఒకరి సొమ్ము ఒకరు వాడుకోవడమని మాకు ఎవరికీ తోచలేదు. కోర్టులో పని చేసే ఒకాయన కూడా నెలకొక చీటీ పట్టుకొచ్చేవాడు.

*

పుట్టపర్తికి రైల్వే స్టేషన్ 2000 దాకా లేదు. అంతకు ముందు విదేశాల నుంచి వచ్చే భక్తులు ధర్మవరంలో రైలు దిగి బస్సెక్కేవారు. ఏదో పని పడి అనంతపురం వచ్చేవారూ ఉండేవారు. తెల్లచీర కట్టిన తెల్లదొరసానులు సుభాష్ రోడ్డులో అరటిపళ్ళు బేరం చేస్తుంటే మా ఊరివాళ్ళు తలతిప్పి చూడడం కూడా మానేశారు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం అలాంటి మనిషే ఒకాయన మా అంగట్లోకి తల వంచుకుని వచ్చాడు. వంచకపోతే ద్వారబంధం నెత్తికి తగిలేంత పొడుగు. లాల్చీ, పైజామా, ఎండకు కమిలిన ముక్కు. చేతిలో ఒక క్యాసెట్టు, దాని పొట్టలోంచి పేగులు బయటపడ్డట్టు టేపు. ప్లేయర్ నమిలేసింది. భాయ్ దాన్ని రెండు చేతులతో అందుకున్న తీరు చూస్తే దెబ్బ తగిలిన పావురాన్ని అందుకున్నట్టే ఉంది.

ఐదు మరలు విప్పి టీ సాసర్లో వేశాడు. నలిగిపోయిన టేపు జానెడు పైచిలుకు ఉంది, అది ఇక పనికిరాదు. దాన్ని కొత్త బ్లేడుతో ఏటవాలుగా కోశాడు. నిలువుగా కోస్తే అతుకు దగ్గర పాట టక్కుమంటుంది, ఏటవాలుగా కోస్తే వినేవాడికి తెలియకుండా జారిపోతుంది. రెండు కొసలూ ఒకదానికొకటి ఆనించి, వెనకవైపు సన్నటి అతుకు వేసి, బొటనవేలి గోటితో మూడుసార్లు గీశాడు. అంతసేపూ ఊపిరి పీల్చలేదు. క్యాసెట్ టేపు సెకనుకు అయిదు సెంటీమీటర్లకు కొంచెం తక్కువగా నడుస్తుంది. అంటే ఆ పాటలో అయిదారు సెకన్లు భాయ్ కాలి దగ్గర చెత్తబుట్టలో పడ్డాయన్నమాట. ఈ లెక్క తరువాత పనికొస్తుంది.

ఆ దొర టీ తాగి వస్తానని వెళ్ళాడు. అతుకు నిలిచిందో లేదో చూడాలని భాయ్ క్యాసెట్టు పెట్టాడు. పెడుతూ పెడుతూ పక్క డెక్కులో ఖాళీ టేపు కూడా దూర్చి రికార్డు మీట నొక్కాడు. అడగడం, పెట్టడం లేదు. అంగట్లోకి వచ్చిన ప్రతి కొత్త పాటకూ ఒక నకలు ఉండాలని ఆయన నియమం. ఆ దొరగారి క్యాసెట్టు కూడా కంపెనీది కాదు. నీలం ఇంకుతో చేత్తో రాసిన చీటీ అంటించి ఉంది. అదీ ఎక్కడో ఎవరో ఎక్కించి ఇచ్చిందే.

గిటార్ల చప్పుడు మొదలైంది, ఒకటి కాదు, గుంపుగా. ఆ మీదట ఒక గొంతు, అడుక్కుంటున్నట్టుగా. వెనక బృందం "హల్లెలూయా" అంది. "చర్చి పాట" అని భాయ్ తీర్పు చెప్పేశాడు. కాసేపటికి అదే బృందం అదే వరసలో "హరే కృష్ణ" అంది. భాయ్ చేతిలో టీ గ్లాసు పెదాల దాకా వెళ్ళి ఆగింది. అప్పుడొచ్చింది, నేను ఒకటో తరగతి నుంచి ప్రార్థనలో చేతులు కట్టుకుని చెప్పిన శ్లోకం: "గురుర్బ్రహ్మ, గురుర్విష్ణుః..." ఆ వెంటనే "గురుస్సాక్షాత్ పరబ్రహ్మ".

మధ్యలో మహేశ్వరుడు లేడు. చెత్తబుట్టలో ఉన్నాడు.

*

పాడింది జార్జ్ హారిసన్ అనీ, బీటిల్స్ నలుగురిలో ఒకడనీ, పాట పేరు 'మై స్వీట్ లార్డ్' అనీ దొర తిరిగొచ్చాక చెప్పాడు. రాక్ సంగీతమంటే జుట్టు విరబోసుకుని అరవడమని అనుకునేవాడిని. ఇలా దణ్ణం పెట్టుకునే రాక్ పాట ఉంటుందని ఊహించలేదు. భాయ్ దగ్గర ఆ నకలుకు నకలు తీసుకుని ఇంటికి పట్టుకెళ్ళాను.

అవ్వ మంచం మీద కూర్చుని చివరిదాకా వింది. "ఎవరప్పా ఈ అయ్యవారు? గొంతు మంచిదే, నాలుకే తిరగడం లేదు" అంది. తరువాత అసలు ప్రశ్న వేసింది. "బ్రహ్మను తలిచాడు, విష్ణువును తలిచాడు. శివుణ్ణి ఎందుకు మింగేశాడు? వీళ్ళు వైష్ణవులా?"

భాయ్ బ్లేడు సంగతి చెప్పినా అవ్వ ఒప్పుకోలేదు. పాడేవాడికి ఉద్దేశం ఉంటే బ్లేడు అక్కడే ఎందుకు పడుతుంది అని ఆమె వాదన.

ఆ ఎండాకాలమంతా వందసార్లు విని ఉంటాను. మా ప్లేయర్ కాస్త నిదానంగా తిరిగేది కాబట్టి నాకు తెలిసిన హారిసన్ గొంతు అసలు హారిసన్ కంటే అరమెట్టు కింద, కొంచెం ఎక్కువ దిగులుగా ఉండేది. ఇప్పటికీ అసలు పాట వింటే ఏదో తొందరలో పాడినట్టనిపిస్తుంది.

*

మా పాతవూరిలో ఒక భజన గుడి ఉండేది. శనివారం రాత్రి భజన. హార్మోనియం వాయించే అయ్యవారు పగలు కుట్టుమిషను తొక్కేవాడు. రాత్రి హార్మోనియం తిత్తి ఊదుతున్నప్పుడు కూడా ఆయన కుడికాలు పెడలు తొక్కుతున్నట్టే ఆడేది. పక్కన చెక్కలు, తాళాలు, మద్దెల. ఆయన ముందు ఒక బౌండు పుస్తకం, పాటలన్నీ అందులో.

ప్రతి పాటకూ పైన కుడిపక్కన ఒక మాట రాసి ఉండేది: "మట్టు". ఈ కాలం పిల్లలకు తెలియకపోవచ్చు. ఈ పాటను ఏ పాట వరసలో పాడాలో చెప్పేది మట్టు. తిరునాళ్ళలో అమ్మే పాటల పుస్తకాల్లో కూడా అచ్చు వేసేవారు. మా అయ్యవారి పుస్తకంలో సగానికి సగం సినిమా మట్లే. తెర మీద చెట్ల చుట్టూ తిరిగిన వరసలు మా గుళ్ళో సీతమ్మ చుట్టూ తిరిగేవి. వర్షంలో తడుస్తూ హీరోయిన్ పాడిన వరసలో మా మద్దెలాయన కన్నీళ్ళు పెట్టుకుని పాండురంగణ్ణి పిలిచేవాడు. అందులో ఎవరికీ తప్పు కనిపించలేదు, ఎందుకంటే ఎవరూ ఏమీ దాచలేదు. పైనే రాసి ఉండేది, ఇది ఫలానా పాట మట్టు అని. ఇక బేట్రాయి సామి పాటలాంటి జానపదాలకు మట్టు రాసే పనే లేదు. అవి ఎవరివో అడిగినవాడు లేడు.

నేను కదిరి నరసింహుడి మీద ఒక పాట రాశాను. "నరసింహా, ఓ నరసింహా, మా కరువు సీమకు కదలి రా" అని మొదలవుతుంది. సాహిత్యం సంగతి వదిలేయండి. వరస మాత్రం హారిసన్‌ది. చివర్లో ఆయన లాగే గురుశ్లోకం కూడా పెట్టాను.

అయ్యవారు ఒకసారి పాడించుకుని హార్మోనియం మీద వెతికారు. ఎక్కడా కుదరలేదు. "నీ గొంతు రెండు మెట్ల సందులో ఇరుక్కుంది నాయనా" అన్నారు. మా ప్లేయర్ నేర్పిన శృతి మరి. ఆయన ఒకటిన్నరకు లాగి పట్టుకున్నారు. ప గ రి, ప గ రి. ఆ తరువాతి ముక్క ప ద స ద స. వాయించి, ఆగి, మళ్ళీ వాయించి, "మోహన స్వరాలు. వర వీణా నేర్చుకునే పిల్లలకు కూడా చేతికొస్తాయి. అయినా బాగుంది, ఎక్కడో విన్నట్టు ఉంది" అన్నారు. శ్లోకం దగ్గరికి వచ్చేసరికి వేళ్ళు ఆపేశారు. "మహేశ్వరుడు ఏడి?"

"తాళానికి సరిపోవడం లేదు అయ్యవారూ" అన్నాను.

అసలు సంగతి వేరు. ఆ ముక్క నేను వినలేదు. విననిదాన్ని ఏ వరసలో పాడాలి?

ఆయన పెన్ను మూత తీశారు. "మట్టు ఏమని రాయాలి?"

చుట్టూ తాళాలవాళ్ళు, మద్దెలాయన, నా ఈడు కుర్రవాళ్ళు ఇద్దరు. హారిసన్ పేరు చెబితే ఎవరికీ తెలియదు. చెప్పకపోతే నన్ను అడిగేవాడు లేడు.

"నాదే. సొంత వరస."

కళ్ళద్దాల మీదుగా నన్ను ఒక చూపు చూసి, "సొంత మట్టు" అని రాసి, కింద నా పేరు రాశారు. ఆయన రాత గుండ్రంగా, కుట్టు వేసినట్టు ఉండేది.

*

పాట నిలబడింది. మూడు నాలుగు శనివారాల్లో గుంపంతా అందుకున్నారు. ఆ ఏడు కదిరి తేరుకు భజన క్యాసెట్టు ఒకటి వేయాలనుకుని భాయ్‌ని పిలిచారు. ఆయన చెప్పులు బయట విడిచి, గుడి అరుగు మీద కూర్చుని, మైకు వైరు కిటికీలోంచి లోపలికి పంపాడు. నేను దాని గురించి ముందుగా ఆలోచించలేదంటే నమ్మండి. నా పాట మొదలయ్యేదాకా నాకు తట్టలేదు.

కిటికీ ఊచల వెనక భాయ్ ముఖం. మొదట చిన్నగా నవ్వు. శ్లోకం వచ్చి, విష్ణువు మీది నుంచి పరబ్రహ్మ మీదికి అందరూ ఒక్కసారి దూకగానే ఆ నవ్వు పోయింది.

మర్నాడు అంగట్లో ఏమీ అనలేదు. క్యాసెట్టు అట్ట మీద పాటల జాబితా రాస్తూ రాస్తూ నా పాట దగ్గర ఆగాడు. "ఇక్కడ ఏం రాయాలి?"

"భజన అని రాయి భాయ్."

రాశాడు. ఇంకు ఆరేదాకా ఊది, పక్కన పెట్టి, అప్పుడు అన్నాడు. "ఎవరు ఎక్కడ ఎత్తుకున్నా నాకు అనవసరం. కానీ ఆ అతుకు నాది బేటా. ఆ కోత నేను కోశాను. ముప్పై మంది నోట విన్నాను నిన్న."

*

ఆ తరువాత కొన్నాళ్ళకు కాలేజీ చెట్టు కింద కూనిరాగం తీస్తుంటే మా ఇంగ్లీషు లెక్చరర్ విన్నారు. మద్రాసులో చదువుకున్న మనిషి, పాత పత్రికలు ట్రంకుపెట్టెల్లో దాచుకునేవారు. "ఎవరిదో తెలుసా?" అన్నారు.

"జార్జ్ హారిసన్‌ది సార్."

"న్యూయార్క్ కోర్టు అలా అనలేదు."

ఆయన చెప్పింది, తరువాత బెంగళూరులో ఉద్యోగం చేస్తూ నేను చదివింది కలిపి చెబుతాను. హారిసన్ ఆ పాటను 1970లో, 'ఆల్ థింగ్స్ మస్ట్ పాస్' అనే మూడు రికార్డుల సంపుటిలో ఇచ్చాడు. అమెరికాలో, బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్ళింది. బీటిల్స్ విడిపోయాక వాళ్ళలో ఎవరి సొంత పాటా అంతకు ముందు ఆ మెట్టు ఎక్కలేదు. 1971లోనే బ్రైట్ ట్యూన్స్ అనే సంగీత ప్రచురణ సంస్థ దావా వేసింది, ఇది మా 'హీ ఈజ్ సో ఫైన్' అని. ఆ పాటను షిఫాన్స్ అనే అమ్మాయిల బృందం 1963లో పాడింది. ఒక కుర్రవాణ్ణి చూసి ముచ్చటపడే అమ్మాయి పాట. దాన్ని రాసిన రోనీ మాక్ ఆ పాట ఊరూరా మోగిన ఆ ఏడాదే చిన్న వయసులో చనిపోయాడు. కాబట్టి ఈ గొడవలో పాట కన్నవాడు లేనేలేడు. కాగితాలు ఉన్నవాళ్ళే ఉన్నారు.

హారిసన్ తన మనసులో ఉన్నది 'ఓ హ్యాపీ డే' అన్నాడు. అది పద్దెనిమిదో శతాబ్దపు క్రైస్తవ కీర్తన మీద కట్టిన పాట, కీర్తన మీద ఎవరికీ హక్కు లేదు. ఇక్కడ నాకు నవ్వొస్తుంది. దేవుడి పాట నుంచి తీసుకుంటున్నాననుకుని చెయ్యి చాస్తే, చేతికొచ్చింది ప్రేమ పాట. మా అయ్యవారి పుస్తకంలో ప్రతి పుటలోనూ జరిగింది అదే. తేడా ఒక్కటే, హారిసన్ పాటకు పైన మట్టు రాసి లేదు.

1976లో కోర్టుకు హారిసన్ గిటారు పట్టుకుని వెళ్ళాడు. జడ్జి రిచర్డ్ ఓవెన్ తాను కూడా సంగీతం కట్టేవాడు, ఆపెరాలు రాసినవాడు. తీర్పులో రెండు పాటలనూ విప్పి, భాయ్ మరలు విప్పినట్టే సాసర్లో పెట్టాడు. రెండింటిలోనూ మొదటి ముక్క సోల్ మి రే, నాలుగుసార్లు. రెండో ముక్క సోల్ లా దో లా దో. అది మొదటి పాటలో నాలుగుసార్లు వస్తే, హారిసన్ పాటలో మూడుసార్లు వచ్చి నాలుగోసారి మరో దారి పట్టింది. అంతకంటే గట్టి సాక్ష్యం ఇంకొకటి. రెండో ముక్క రెండోసారి వచ్చేటప్పుడు దానికి ఒక అనుస్వరం, అంటే అసలు స్వరానికి ముందు చటుక్కున తగిలే చిన్న స్వరం, తగులుకుని వస్తుంది. రెండు పాటల్లోనూ అదే చోట, అదే అనుస్వరం.

బెంగళూరులో గ్రంథాలయం బల్ల ముందు ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. సోల్ మి రే అంటే ప గ రి. సోల్ లా దో లా దో అంటే ప ద స ద స. కుట్టుమిషను అయ్యవారు హార్మోనియం మీద వేళ్ళతో పట్టుకున్న ఆ రెండు ముక్కలే తీర్పులో ఉన్నాయి. హారిసన్‌ను పట్టించిన ఆ అనుస్వరమేమో, నన్ను పట్టించిన మా మహేశ్వరుడు.

కావాలని ఎత్తుకున్నాడని జడ్జి అనలేదు. ఆ స్వరాల కూర్పు జనానికి నచ్చుతుందని అతని లోపలి మనసుకు తెలుసు, ఎందుకంటే పైమనసు మరిచిపోయిన పాటలో అది అప్పటికే ఒకసారి నచ్చింది అన్నాడు. తెలియక చేసినా నకలు నకలేనని తేల్చాడు.

తరువాతి కథ మా సీమలో పొలం తగాదాల్లాగే నడిచింది. దావా పడ్డప్పుడు హారిసన్ వ్యవహారాలు చూసిన మేనేజరు ఆలెన్ క్లైన్. ఇద్దరికీ చెడింది. మన తరఫున పంచాయితీకి వెళ్ళిన పెద్దమనిషే అవతలివాడి పొలం కొనుక్కుని మన గట్టు మీద నిలబడ్డట్టు, క్లైన్ 1978లో బ్రైట్ ట్యూన్స్ హక్కులను 5,87,000 డాలర్లకు కొనేశాడు. హారిసన్ కట్టాల్సింది పదహారు లక్షల డాలర్ల దాకా తేలింది గానీ, ఈ బేరం చూసిన జడ్జి 1981లో, నువ్వు పెట్టిన ఆ 5,87,000 తీసుకుని పాట అతనికి ఇచ్చెయ్, లాభం మాత్రం నీకు లేదు అన్నాడు. ఆ తీర్పు నాకు భలే నచ్చింది. ఈలోగా హారిసన్ ఈ కేసును వెక్కిరిస్తూ 1976లోనే 'దిస్ సాంగ్' అని ఒక పాట కట్టాడు. షిఫాన్స్ అమ్మాయిలు 1975లో 'మై స్వీట్ లార్డ్' తామే పాడేశారు కూడా.

*

లెక్చరర్ చెప్పిన రోజు మాత్రం నాకు ఇవన్నీ అక్కరలేకపోయాయి. గుండె మీది బండ దిగినట్టనిపించింది. సైకిలు తొక్కుకుంటూ భాయ్ దగ్గరికి వెళ్ళాను. "భాయ్, ఆ పాటే దొంగ పాటట! కోర్టు చెప్పిందట!"

ఆయన హెడ్డు తుడుస్తున్నాడు. తలెత్తలేదు. "అతనికి తెలియదని చెప్పిందా, తెలుసని చెప్పిందా?"

"తెలియదనే."

"నీకు?"

నాకు ఉక్రోషం వచ్చింది. "నువ్వు మాత్రం? ఆ దొరను అడగకుండా ఎక్కించుకోలేదా?"

"ఎక్కించాను" అన్నాడు భాయ్, దూది మార్చుకుంటూ. "నేను కట్టానని చెప్పలేదు."

ఆ వారం భజనకు వెళ్ళలేదు. ఆ తరువాత పరీక్షలు, ఉద్యోగం, బెంగళూరు. వెళ్ళకపోవడానికి కారణాలు వాటంతట అవే దొరికాయి.

'హీ ఈజ్ సో ఫైన్' నేను మొదటిసారి విన్నది బెంగళూరులోనే, ఒక పాత రికార్డుల అంగట్లో. మొదట్లోనే అమ్మాయిలు "దూలాంగ్ దూలాంగ్" అంటారు. పక్కన నా తమ్ముడు ఉన్నాడు, "ఏమన్నా, ఇల్లు కడుతున్నారా, దూలం దూలం అంటున్నారు?" అన్నాడు. వాడు నవ్వుతున్నాడు, నాకు చేతులు చల్లబడ్డాయి. ప గ రి. అదే. పక్కన పెట్టి వింటే జడ్జిని తప్పుపట్టలేం. అయినా ఒకటి చెబుతాను. ఆ అమ్మాయిల పాట విని నేను మోహన రాగంలో ఒక పిల్లను చూశాను, హారిసన్ పాట విని ఒంటరిగా కూర్చున్న మనిషిని చూశాను. ఈ తేడాకు కోర్టులో గడి లేదు. ఉండాలని కూడా నేను అనను.

2001 నవంబరు 29న హారిసన్ చనిపోయాడు. రెండు రోజుల తరువాత భాయ్ ఫోను చేశాడు. అన్నేళ్ళలో ఆయన నాకు ఫోను చేయడం అదొక్కసారే. "నీ పాటాయన పోయాడట కదా బేటా" అన్నాడు. వెక్కిరించాడా, పరామర్శించాడా ఈరోజుకీ తేల్చుకోలేదు. మరుసటి జనవరిలో బ్రిటన్‌లో ఆ పాట మళ్ళీ విడుదలై మళ్ళీ మొదటి స్థానానికి వెళ్ళింది. ఆ సంగతి చెప్పడానికి నేను తిరిగి ఫోను చేయలేదు. ఇప్పుడు భాయ్ లేడు. అంగట్లో ఫోను తొడుగులు, ఇయర్‌ఫోన్లు వేలాడుతున్నాయి.

*

ఇంజెక్షన్ వేయించుకున్న వారానికి ఒక పెళ్ళికి అనంతపురం వెళ్ళాను. ఓళిగల భోజనం బరువుకు మధ్యాహ్నం నిద్ర పట్టక పాతవూరి వైపు నడిచాను. భజన గుడికి రంగులు వేసి, గ్రానైటు పరిచారు. అయ్యవారి కొడుకు ఉన్నాడు. ఆయనకు కుట్టుమిషను రాలేదు, హార్మోనియం వచ్చింది. నన్ను గుర్తుపట్టి కూర్చోబెట్టి, మజ్జిగ తెప్పించి, నేను అడగకుండానే ఆ బౌండు పుస్తకం తెచ్చాడు. అట్ట ఊడిపోతే మిషను గుడ్డతో కుట్టి ఉంది.

నా పాట పుట నేనే తిప్పాను. "సొంత మట్టు", కింద నా పేరు. ఆ రెండింటి మీదా స్కేలు పెట్టి ఒక గీత, తప్పు సరిచేసేటప్పుడు మాస్టర్లు గీస్తారే, చదవడానికి వీలుగా ఉండేలా, అలా. దాని పక్కన వేరే ఇంకుతో, అదే గుండ్రటి రాత:

"మట్టు: ఇంగ్లీషు భజన. క్యాసెట్ భాయ్ చెప్పినది."

పుట అడుగున, శ్లోకం కింద ఇంకొక వాక్యం: "మహేశ్వరుడి ముక్క భాయ్ అసలు క్యాసెట్టు సంపాదించి వినిపించినాడు. ఇకమీదట కలిపి పాడవలెను."

"ఇప్పటికీ పాడుతున్నారా?" అన్నాను.

"తేరు రోజు తప్పకుండా సార్" అన్నాడు అయ్యవారి కొడుకు. హార్మోనియం దగ్గరికి లాక్కుని తిత్తి ఊదాడు. గాలి ఎక్కడో కారుతున్న చప్పుడు. ప గ రి, ప గ రి. శ్లోకం దగ్గరికి వచ్చి, నేను నోరు తెరవడం చూసి, ఆ ముక్క నన్ను పాడమన్నట్టు తలాడించాడు. నాకు ఆ ముక్క రాదు. ఆయన పాడుతుంటే విన్నాను.